టవల్ వేసిన కుర్చీ

ఏడో తరగతి తప్పి బడి ఎగ్గొట్టినవాణ్ని నేను. అలాంటివాణ్ని ఎం.ఎ. చెప్పే కాలేజీలో పాతికేళ్లకు పైగా ఉంచుకున్నారు. అన్నాళ్లు చదువుల నడుమ ఉండి, ఒక్క పరీక్ష పాసు కాకుండా, ఒక్క పరీక్ష తప్పకుండా బయటికి వచ్చినవాణ్ని ఆ కాలేజీలో నేనొక్కణ్నే. ఈ సంగతి నా రిటైర్మెంటు సభలో నేనే చెప్పుకున్నాను. వేదిక మీదివాళ్లు చప్పట్లు కొట్టారు. పొగిడాననుకున్నారో, తిట్టాననుకున్నారో ఇప్పటికీ తెలియదు.

నా హోదా ఆఫీస్ సబార్డినేట్. అంతకుముందు అటెండర్ అన్నారు, దానికి ముందు బంట్రోతు అన్నారు. పేరు మారుతూ వచ్చింది, మోసే ఫైళ్లు అవే. మంథని రోడ్డులో ఉన్న ఆర్ట్స్ పీజీ కాలేజీలో చరిత్ర శాఖకు నన్ను వేశారు. విశ్వవిద్యాలయం ఎక్కడో పట్నంలో ఉండేది. మాది దానికి దూరపు చుట్టం లాంటి కాలేజీ. ఇప్పుడు చెప్పబోయేది, పాత కరీంనగర్ జిల్లా ముక్కలై మా ఊరు పెద్దపల్లి జిల్లాలోకి పోయిన మరుసటి వేసవి సంగతి. అప్పటికి ప్రిన్సిపల్ పేషీలో పనిచేసే నర్సయ్య రిటైరై, ఆయన చోట ఎవరూ రాకపోవడంతో ఆ పని కూడా నాకే అప్పగించారు. సర్కారు భాషలో దీన్ని అదనపు బాధ్యత అంటారు. బాధ్యత అదనంగా ఉంటుంది, మనిషి మాత్రం ఒక్కడే ఉంటాడు.

నేను చేరిన కొత్తలో చరిత్ర శాఖలో ఆరుగురు, తెలుగు శాఖలో అయిదుగురు రెగ్యులర్ అధ్యాపకులుండేవారు. ఏదో రాజు ఏ ఏట చచ్చాడన్న విషయం మీద ఇద్దరు ప్రొఫెసర్లు వారం పాటు ఒకే ఫ్లాస్కులో చాయ్ తాగలేదు. నేను రెండు ఫ్లాస్కులు మోశాను. తర్వాత ఒక్కొక్కరే రిటైరయ్యారు. ప్రతిసారీ ఒక శాలువా కొన్నాం, ఒక కుర్చీ ఖాళీ చేశాం. ఆ కుర్చీలోకి మళ్లీ మనిషిని వేయలేదు. ఖాళీ కుర్చీలను వెనక వరండాలో ఒకదాని మీద ఒకటి పేర్చేవాణ్ని. చివరికి ఆ పేర్పు నా ఎత్తు దాటింది, కాలేజీలో ఒకే ఒక్క రెగ్యులర్ ప్రొఫెసర్ మిగిలారు.

ఆయన విఠల్ సార్. ఆదిలాబాద్ దిక్కువారు, ఇంట్లో మరాఠీ మాట్లాడేవారు. గోండు రాజుల కోటల మీద పనిచేశారు. క్లాసుకు కాగితం ముక్క పట్టుకోకుండా వెళ్లేవారు. నేను వరండాలో స్టూలు మీద కూర్చుని వినేవాణ్ని. కోట గోడ గురించి చెప్తుంటే రాయి బరువు మన చేతికి తెలిసేది. పాఠం చెప్పడంలో ఆయనకు వంక పెట్టేవాణ్ని నేను చూడలేదు.

మిగిలింది ఆయనొక్కరే కాబట్టి పదవులన్నీ ఆయన మీదికే వచ్చాయి. అందులో రెండింటి గురించి మాత్రం చెప్తాను. చరిత్ర శాఖకు ఆయన హెడ్. కాలేజీకి ఇన్‌చార్జి ప్రిన్సిపల్. హెడ్ అంటే శాఖకు పెద్ద. ఏ పాఠం ఎవరు చెప్పాలి, ఎన్ని గంటలు చెప్పాలి, ఎవర్ని పెట్టుకోవాలి అని అడిగేది ఆయన. ప్రిన్సిపల్ ఆ అడిగినదాన్ని పరిశీలించి, సరిగ్గా ఉంటే ఒప్పుకుని విశ్వవిద్యాలయానికి పంపుతాడు. అడిగేవాడొకడు, చూసేవాడొకడు ఉంటే పని శుద్ధంగా ఉంటుందని పెద్దలు చేసిన ఏర్పాటు ఇది. మా దగ్గర ఇద్దరూ విఠల్ సారే.

హెడ్ గది కింద, ప్రిన్సిపల్ గది పైన. కింది గదిలో చెక్క కుర్చీ, దాని మీద దూది ఒక పక్కకు పోయిన మెత్త. పైన తిరిగే కుర్చీ, దాని వెన్నుకు తెల్లటి టర్కీ టవల్. ఆఫీసుల్లో పనిచేయనివాళ్లు ఆ టవల్ చెమట కోసమనుకుంటారు. వచ్చినవాడికి గదిలో పెద్ద కుర్చీ ఏదో అడక్కుండా తెలియడానికి అది వేస్తారు. పేషీ నాకు అప్పగించినప్పటి నుంచి టవల్ పని నాదే. ప్రతి శనివారం ఉతికి, నీలిమందు పెట్టి, డాబా మీద ఆరేసి, అంచు బయటికి కనిపించేలా మూడు మడతలు పెట్టి వేసేవాణ్ని. ఒకసారి రిజిస్ట్రార్ గారు తనిఖీకి వచ్చి టవల్ చాలా శుభ్రంగా ఉందన్నారు. మా కాలేజీ గురించి ఆయన అన్న ఒకే ఒక్క మాట అది.

ఒకే మనిషి రెండు గదుల్లో రెండు రకాలుగా ఉండేవారు. కింద చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని, విద్యార్థులతో నవ్వుతూ మాట్లాడేవారు. పైకి వెళ్లి టవల్ కుర్చీలో కూర్చోగానే గొంతు మారేది, వీపు నిటారుగా అయ్యేది. అందుకని నేను ఆయనకు కింది సారు, పై సారు అని రెండు పేర్లు పెట్టాను. కాలేజీ అంతా అవే పేర్లు వాడేవాళ్లు. ఆయనకూ తెలుసు. కింద ఉన్నప్పుడు విని నవ్వేవారు.

ఆ పేర్లు విని అందరికంటే ఎక్కువ నవ్వింది గ్రేస్ మేడం. డాక్టర్ గ్రేస్ సులోచన. మందమర్రి దగ్గరి పల్లె. బాపు బొగ్గు బావిలో పనిచేసేవాడు, ఆదివారం చర్చిలో పాట ఎత్తేవాడు. విఠల్ సార్ దగ్గర పీహెచ్‌డీ చేసిన మొదటి విద్యార్థి ఆమే. చదువు పూర్తయిన ఏడాదే మా కాలేజీలో పార్ట్‌టైమ్ లెక్చరర్‌గా చేరి, జుట్టు నెరిసేదాకా పార్ట్‌టైమ్‌గానే ఉండిపోయింది. పార్ట్‌టైమ్ వాళ్లకు గంట లెక్కన ఇస్తారు. వేసవిలో పాఠం ఉండదు కాబట్టి వేసవిలో వాళ్లు ఎవరూ కారు. ప్రతి జూన్‌లో హెడ్ అడగాలి, ప్రిన్సిపల్ ఒప్పుకోవాలి, అప్పుడు మళ్లీ లెక్చరర్ అవుతారు. ఎం.ఎ. చరిత్రలో సగానికి పైగా పాఠాలు ఆమెవే. పొద్దున మొదటి బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేది. ఆమె టిఫిన్ డబ్బాలో సర్వపిండి ఉంటే నాకో ముక్క తప్పకుండా ఉండేది.

నా పేరు రాజమల్లు, ఆమెకు మల్లన్నను. రాగానే నన్ను అడిగేది.

"మల్లన్నా, ఇయ్యాల ఏ సారు ఉన్నడు?"

"కింది సారే ఉన్నడు మేడం. మంచిగ నవ్వుతుండు. ఏమన్న అడిగేది ఉంటె గిప్పుడే అడుగుండ్రి. పై సారు అయినంక మనల గుర్తువట్టడు."

ఆమె నవ్వుకుంటూ కింది గదికి వెళ్లేది. అక్కడ సార్ ఆమెను "గ్రేసూ" అని పిలిచేవారు. పై గదిలో అయితే "డాక్టర్ సులోచన గారూ" అనేవారు.

ఇదంతా ఆడిట్ వచ్చేదాకా తమాషాగానే నడిచింది. ఆడిట్ అంటే ఏడాదికోసారి బయటి నుంచి అధికారి వచ్చి ఫైళ్లన్నీ తిరగేసి, తప్పు కనిపించిన చోట అభ్యంతరం రాసి వెళ్లడం. ఆ ఏడాది వచ్చినాయన వయసులో చిన్నవాడే గాని, కళ్లద్దాలు ముక్కు చివరికి దించి చూసే రకం. ఒక పాత ఫైలు తీసి, హెడ్ అడిగినదీ ప్రిన్సిపల్ ఒప్పుకున్నదీ ఒకే తేదీన ఉన్నాయని చూపించి, ప్రిన్సిపల్ నిజంగా పరిశీలించాడని ఎలా నమ్మాలని అడిగాడు. అడిగింది తానే కదా, తనకు తెలియదా అన్నారు విఠల్ సార్. తన అభ్యంతరం సరిగ్గా అదేనని చెప్పి ఆయన రాసుకుపోయాడు.

తీరని అభ్యంతరం ఉంటే రిటైరయ్యేటప్పుడు పింఛను కాగితాలు ఆగుతాయి. విఠల్ సార్‌కు రిటైర్మెంటు మరుసటి ఏడే. తోటి ప్రొఫెసర్ ఒకాయన పింఛను కోసం ఏళ్ల తరబడి పట్నం బస్సులెక్కడం సార్ కళ్లారా చూశారు. ఆ రోజు నుంచి ఆయన పద్ధతి మార్చారు. కింద సంతకం పెట్టిన తేదీన పైన పెట్టేవారు కాదు. కింద ఆకుపచ్చ సిరా, పైన నీలం సిరా. పైకి వచ్చిన ప్రతి ఫైలు మీదా ఒక ప్రశ్నయినా రాసి కిందికి పంపేవారు. ప్రశ్న పడని ఫైలును చూడనట్టే లెక్కిస్తారని ఆయన భయం. మొదట్లో చిన్న ప్రశ్నలే. పేజీ సంఖ్య వేయలేదేమని పైనుంచి అడిగేవారు, కిందికి వచ్చి వేసేవారు. ఆ ఫైలు పట్టుకుని మెట్లు ఎక్కి దిగేది నేను. దారిలో ఎదురైనవాళ్లకు ఈ కథ చెప్పి నవ్వించడం నాకు ఆ రోజుల్లో పెద్ద కాలక్షేపం.

ఆ జూన్‌లో చరిత్ర శాఖ ఫైలు తయారైంది. వచ్చే ఏడాది ఎం.ఎ. చరిత్ర నడపడానికి పాఠాలు చెప్పేవాళ్లు ఉన్నారని హెడ్ రాయాలి. అంటే గ్రేస్ మేడంను మళ్లీ పెట్టుకుంటామని అడగాలి. ప్రిన్సిపల్ ఒప్పుకున్నాక ఆ ఫైలు గడువులోగా విశ్వవిద్యాలయానికి చేరితే, ప్రవేశాల ప్రకటనలో మా కోర్సు పేరు పడుతుంది. చేరకపోతే పడదు. అంతకుముందు రెండేళ్లుగా పిల్లలు తక్కువ చేరుతుండడంతో, ఫైలు రాని కోర్సును అవసరం లేని కోర్సుగా భావిస్తామని విశ్వవిద్యాలయం ముందే చెప్పి పెట్టింది. మా మీద వాళ్లకు పగ ఏమీ లేదు. ఒక కోర్సు తగ్గితే ఒక తలనొప్పి తగ్గుతుంది, అంతే.

కాబట్టి ఆ ఏడాది ఆ ఒక్క ఫైలు మీదే గ్రేస్ మేడం ఉద్యోగమూ, మా కాలేజీలో చరిత్రా రెండూ ఆధారపడి ఉన్నాయి. ఇది ముగ్గురికీ తెలుసు. ఆమెకు తెలుసు, సార్‌కు తెలుసు, నాకు తెలుసు.

కింది సారు తన వంతు బ్రహ్మాండంగా చేశారు. టైపిస్టుకు చెప్పి పేజీ నిండా రాయించారు. తర్వాత గ్రేస్ మేడంను కూర్చోబెట్టి చదివి వినిపించారు. ఇంగ్లీషు నాకు అందలేదు. చాయ్ గ్లాసులు తీస్తూ నిలబడ్డానని చూసి సార్ నాకూ చెప్పారు.

"ఈమె లేకుంటె ఈ శాఖ లేదు అని రాసిన రాజమల్లూ. తప్పు రాసిన్నా?"

"తక్కువ రాసిండ్రు సార్" అన్నాను.

గ్రేస్ మేడం తల దించుకుంది. ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూడనట్టు గ్లాసులు కడగడానికి పోయాను.

ఫైలు పైకి తీసుకెళ్లాను. తేదీల మధ్య ఎడం ఉండాలి కాబట్టి కొన్నాళ్లు టవల్ కుర్చీ ముందు బల్ల మీద పడి ఉంది. తర్వాత ఒక పూట పై సారు దాన్ని తెరిచి, చదివి, అంచున నీలం సిరాతో ఒక ముక్క రాసి నా చేతికిచ్చారు. టైపిస్టును అడిగితే "ప్లీజ్ స్పీక్" అని చెప్పాడు. పై అధికారికి అనుమానం ఉన్నప్పుడు రాసే మాట అది. ఫైలు పెట్టిన కింది అధికారి స్వయంగా వచ్చి మాట్లాడాలని దాని అర్థం. అంటే విఠల్ సార్ పైకి వచ్చి విఠల్ సార్‌తో మాట్లాడాలి.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

"సార్, మీరు మీతోని మాట్లాడాలంటె ఎట్ల? అద్దం తెప్పియ్యాల్నా?"

"నవ్వకు రాజమల్లూ. రేపు ఆడిటోడు వచ్చి, కోర్సు నడపాల్నా వద్దా అని హెడ్‌ను పిలిచి అడిగినవా అంటె ఏం చూపియ్యాలె? గీ ముక్క చూపిస్త. బస్."

"మరి గడువు సార్?"

"ఉన్నది కద. ఇంక ఉన్నది."

నిజమే, అప్పటికి ఇంకా ఉంది. ఫైలు కిందికి దిగింది. రెండు మూడు రోజుల ఎడం ఇచ్చి, ప్రిన్సిపల్ గారితో మాట్లాడాను, వివరాలు సమర్పించాను అని కింది సారు ఆకుపచ్చ సిరాతో రాశారు. ఫైలు పైకి ఎక్కింది. కిందటి ఏడాది ఒక్కో పాఠానికి ఎన్ని గంటలు పట్టిందో జత చేయలేదని పై సారు రాశారు. ఫైలు మళ్లీ దిగింది. నా మోకాళ్లు ఫైలు మీద అభ్యంతరం రాసే దశకు వచ్చాయి.

గ్రేస్ మేడం కింది గదికి వెళ్లి అడిగింది.

"నా దిక్కెల్లి అంత చేసిన గ్రేసూ. పైనుంచి ఇంకేందో అడిగిండ్రు. ఫికర్ చెయ్యకు" అన్నారట సార్.

మర్నాడు పై గదికి వెళ్లి అడిగింది.

"హెడ్ దగ్గర నుంచి జవాబు రావాలి డాక్టర్ సులోచన గారూ" అన్నారట సార్.

ఆ రోజు ఆమె నా దగ్గరికి వచ్చి, ఏ సారు ఉన్నాడని అడగలేదు. ఫైలు ఎక్కడుంది అని అడిగింది. డబ్బాలో సర్వపిండి తినకుండా అలాగే తీసుకెళ్లిపోయింది.

గడువు ఆఖరి రోజు వచ్చింది. ఆ ఉదయమే సార్ కింద కూర్చుని, అడిగిన గంటల వివరం జత చేసి, ఆకుపచ్చ సిరాతో ఆ రోజు తేదీ వేసి సంతకం పెట్టారు. ఇక పైన ఒక్క నీలం సంతకం పడితే, మధ్యాహ్నం బస్సుకు నన్నే పట్నం పంపాలి. సాయంత్రం విశ్వవిద్యాలయం ఆఫీసు కట్టేసేలోపు ఫైలు అక్కడ పడితే పని అయిపోయినట్టే. సార్ లేచి పైకి బయల్దేరారు. నేను ఫైలు పట్టుకుని వెనకాలే నడిచాను.

మెట్ల మలుపు దగ్గర గ్రేస్ మేడం నిలబడి ఉంది.

"సర్, జర ఆగుండ్రి."

"పైకి రా. కూసోని మాట్లాడుదాం."

"పైకి వస్తె ప్రిన్సిపల్ గారితోని మాట్లాడాలె. కిందికి పోతె హెడ్ గారితోని మాట్లాడాలె. ఇద్దరితోని మాట్లాడిన. నాకు మా సార్‌తోని పని ఉన్నది."

సార్ మెట్ల రెయిలింగు మీద చేయి వేసి ఆగిపోయారు. అక్కడ కిటికీ ఉండేది. దాంట్లోంచి వెనక వరండా, నేను పేర్చిన కుర్చీలు కనిపించేవి. కొంచెంసేపు ఆయన అటే చూశారు.

"చెప్పు బిడ్డా" అన్నారు.

"ఫైలు మల్లన్న చేతిల ఉన్నది. పెన్ను మీ జేబుల ఉన్నది. మధ్యాహ్నం బస్సు పోతె నా క్లాసు పోతది. ఈడనే సంతకం పెట్టుండ్రి సర్."

నేను ఊరుకునే రకం కాదు. ఫైలు తెరిచి ఆమె చేతికిచ్చి, గోడకు రెండు చేతులు ఆనించి వంగాను.

"నా వీపు మీద పెట్టి రాయుండ్రి సార్. మీ టేబుల్ అయితె ఊగుతది, ఇది ఊగది."

ఆమె ఫైలు నా వీపు మీద పెట్టింది. పెన్ను మూత తీసిన చప్పుడు విన్నాను. ఇప్పుడు గీత పడుతుంది, ఇప్పుడు పడుతుంది అనుకుంటూ వంగి నిలబడ్డాను. పడలేదు.

"ఇయ్యాల పొద్దుగాలనే హెడ్‌గ సంతకం పెట్టిన. అదే తేదీన ప్రిన్సిపల్‌గ పెడితె ఆ ఆడిటోడు రాసిపోయిన అభ్యంతరం నేనే నిజం చేసినట్టు అయితది. మరి ఏ హోదాల పెట్టాలె గ్రేసూ?"

కింద ఎవరో నీళ్ల కుండ మీద మూత వేసిన చప్పుడైంది.

"నా గైడు హోదాల పెట్టుండ్రి సర్."

"దానికి ముద్ర లేదు బిడ్డా" అన్నారు విఠల్ సార్.

పెన్ను మూత పెట్టిన చప్పుడు విన్నాను. నా వీపు మీది బరువు పోయింది. నేను నడుము ఎత్తేసరికి ఆయన పై మెట్ల మీద ఉన్నారు. గ్రేస్ మేడం ఫైలు అట్టను చేత్తో ఒకసారి తుడిచి నాకిచ్చి, కిందికి వెళ్లిపోయింది.

పై సారు మరునాడు నీలం సంతకం పెట్టారు. మరునాటి తేదీ వేశారు. ఒక రోజుకు అక్కడివాళ్లు ఏమీ అనరని, మనిషి వెళ్లి చెప్తే తీసుకుంటారని నాతో అన్నారు. నేను ఫైలు చంకలో పెట్టుకుని పట్నం పోయాను. అక్కడ సెక్షన్ సూపరింటెండెంట్ పెద్దాయన. ఫైలు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా తిరగేశారు. ప్రశ్నకు జవాబు, జవాబుకు జత కాగితం, ఎక్కడ వెతికినా లోపం లేదు. ఇంత శుద్ధమైన ఫైలు ఈ ఏడాది ఏ కాలేజీ నుంచీ రాలేదని మెచ్చుకున్నారు. పాపం, గడువు నిన్నటితో అయిపోయింది, ప్రకటన అచ్చుకు పోయింది అని చెప్పి, అందినట్టు ముద్ర వేసి కాపీ నాకిచ్చారు. కాళ్లావేళ్లా పడ్డాను. వేళాకోళాలు ఆడి నవ్వించి చూశాను. నవ్వారు. ఫైలు మాత్రం పక్కన పెట్టారు.

ప్రకటనలో ఎం.ఎ. చరిత్ర లేదు.

ఆ వారంలోనే కింది సారు మండిపడుతూ ప్రిన్సిపల్‌కు ఒక కాగితం రాశారు. ప్రిన్సిపల్ కార్యాలయంలో జరిగిన జాప్యం వల్ల శాఖకు తీరని నష్టం జరిగిందని, బాధ్యులెవరో తేల్చాలని అందులో ఉంది. అంత గట్టిగా ఆయన ఎవరికీ రాయగా నేను వినలేదు. దాన్ని పైకి మోశాను. పై సారు దాని కింద, శాఖ నుంచి వివరాలు ఆఖరి రోజున అందినందువల్ల కార్యాలయం చేయగలిగింది లేదని రాశారు. రెండింటినీ ఒకే ఫైలులో కుట్టాను. రెండూ నిజాలే. ఎవరి తప్పూ తేలలేదు.

పార్ట్‌టైమ్ వాళ్లను తీసేస్తున్నామని ఉత్తర్వు రాదు. మళ్లీ పెట్టుకునే ఉత్తర్వు రాకపోవడమే తీసేయడం. కాలేజీ తెరిచిన రోజు గ్రేస్ మేడం వచ్చింది. క్లాసు గది గోడకు ఆమె పిల్లలతో గీయించిన పెద్ద పటం ఉండేది. గోదావరి, ప్రాణహిత వెంబడి ఉన్న కోటలన్నీ అందులో ఉన్నాయి. దాన్ని మేకుల నుంచి తీసి చుట్టచుట్టి దారం కట్టింది. నేను సాయం పట్టాను. సార్ కింది గదిలోనే ఉన్నారు, తలుపు తెరిచే ఉంది. ఆమె ఆ తలుపు ముందు నుంచే నడిచి వెళ్లింది.

ఆ సాయంత్రం సార్ నన్ను పిలిచారు.

"గ్రేసుకు నా మీద కోపం ఉన్నదా రాజమల్లూ?"

"ఎవరి మీద సార్? పై సారు మీదనా, కింది సారు మీదనా?"

కింది గదిలో నా మాటకు ఆయన నవ్వకపోవడం అదే మొదటిసారి.

ఆ నెలలోనే ఆసిఫాబాద్ దిక్కు నుంచి ఒక అమ్మాయి తండ్రితో కలిసి వచ్చింది. విఠల్ సార్, గ్రేస్ మేడం ఉంటారని విని ఎం.ఎ. చరిత్రలో చేరడానికి వచ్చింది. ఈ ఏడు లేదమ్మా అని చెప్పాను. మళ్లేడు ఉంటుందా అని తండ్రి అడిగాడు. ఉంటుందని చెప్పి పంపాను. అబద్ధమని అప్పుడే తెలుసు. క్లాసు గదిలో జవాబు పత్రాల మూటలు వేశారు, ఇప్పటికీ అవే ఉన్నాయి.

విఠల్ సార్ మరుసటి ఏడు రిటైరయ్యారు. పాత ఆడిట్ అభ్యంతరం తీరింది, కొత్తది ఒక్కటీ పడలేదు, పింఛను సకాలంలో వచ్చింది. సభలో ఆయన మాట్లాడుతూ, ఈ శాఖను కాపాడడానికి చేయాల్సిందంతా చేశానని, వ్యవస్థ సహకరించలేదని అన్నారు. శాలువా కొనుక్కొచ్చింది నేనే. వరండాలో పేర్పు మీద మరో కుర్చీ ఎక్కించాను. టవల్ కుర్చీలోకి వేరే కాలేజీ నుంచి కామర్సు సారొకాయన అదనపు బాధ్యత మీద వచ్చారు. తర్వాత రెండేళ్లకు నేనూ దిగిపోయాను.

ఈ సంగతిలో నేను నేర్చుకున్నది చెప్పాలంటే ఇంతే. పోస్టులు నింపకుండా అన్ని కుర్చీలూ ఒక్కడికి అప్పగిస్తే, అడగాల్సినవాడూ కాదనాల్సినవాడూ ఒక్కడే అవుతాడు. అడిగేటప్పుడు వాడికి ఖర్చేమీ లేదు, అందుకని ధారాళంగా అడుగుతాడు. ఒప్పుకునేటప్పుడు తన ఒంటి మీదికి వస్తుంది, అందుకని ఆగుతాడు. విఠల్ సార్ చెడ్డవారు కారు. ఆయన మంచితనానికి అధికారం లేదు, అధికారం ఉన్న చోట ఆయనకు ధైర్యం లేదు. చదువు చెప్పే చోట్లు మూతపడడానికి ఇంతకంటే పెద్ద కారణాలు ఉంటాయని చాలామంది అంటారు. నేను చూసిన చోట ఇదే సరిపోయింది.

నిరుడు బంధువుల పెళ్లికి మందమర్రి వెళ్లాను. కార్మికుల కాలనీ మలుపులో గ్రేస్ మేడం ఎదురైంది. ఉద్యోగ పరీక్షలకు తయారుచేసే కోచింగ్ సెంటర్లో చెప్తోందట. అక్కడ చరిత్ర అంటే ఒక్క మార్కు ప్రశ్నలు, నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు. కోటల పటం ఇంట్లో బీరువా మీద ఉందని చెప్పింది. హోటల్ దగ్గర నిలబెట్టి నాకు చాయ్ తాగించింది. పాతకాలంలోలాగా ఒకసారి నవ్విద్దామని నా బుద్ధి ఊరుకోలేదు.

"మేడం, నేను బాగ ఆలోచన చేసిన. సార్‌ది ఏం తప్పు లేదు. తప్పంత ఆ టవల్‌ది. దానికి ఎవ్వడు వీపు ఆనిచ్చినా గంతే, మనిషి రాయి అయితడు. అది మంత్రం పెట్టిన టవల్."

ఆమె చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"మరి శనివారం శనివారం దాన్ని ఉతికి, నీలిమందు పెట్టి, మడత పోకుండ మళ్ల ఆ కుర్చీకి ఏసింది ఎవరు మల్లన్నా?"